పదకొండు రోజులు కదలకుండా

ఇంటి అప్పు మంజూరైందని చెప్పిన రోజున లోను ఆఫీసరుకి జలుబు చేసి ఉంది. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే శుభవార్త చెప్పాడు, రుమాలు తియ్యకుండానే జాగ్రత్తలూ చెప్పాడు.

"రిజిస్ట్రేషన్‌కి ఇంకా పదకొండు రోజులుంది మేడమ్. ఈలోగా ఉద్యోగం మారొద్దు. కొత్త అప్పు చెయ్యొద్దు. ఎవరికీ హామీ సంతకం పెట్టొద్దు. వాయిదాల మీద మిక్సీ కూడా కొనొద్దు. ఆఖర్న మేం అన్నీ మళ్ళీ ఒకసారి సరిచూసుకుంటాం. ఎక్కడ తేడా కనిపించినా ఫైలు మొదటికొస్తుంది. నా మాట వినండి, ఎలా ఉన్నారో అలాగే ఉండండి."

"అలాగేనండీ," అంది ఆమె.

మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. ఎలా ఉన్నదో అలాగే ఉండటం తప్ప నలభై నాలుగేళ్ళుగా తను చేసిందేముంది? అదే పనికి ఇప్పుడొక గడువూ, గడువు చివర ఒక ఇల్లూ ఉన్నాయి. అంతే తేడా.

ఆమె కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపుతారు. ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ నిలబెట్టటం ఆమె పని. చేరిన కొత్తలో ఒక పన్ను దగ్గరే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుందని ల్యాబు యజమాని ఆమెకి మైనమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరే ఉండిపోయింది. ఆయన్ని ఆమె మాస్టారూ అంటుంది. ల్యాబులో ఉండేది ఇద్దరే. వారానికోసారి లెక్కలాయన వచ్చి ఓ గంట కూర్చుని, టీ బాగోలేదని చెప్పి వెళ్తాడు.

కొనబోయే ఇల్లు మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. ఆమె దాన్ని ఒక్కసారే చూసింది. గోడలు పలచటి పసుపురంగు. ఎవరో కొట్టి వదిలేసిన మేకు ఒకటుంది. ఇరవై ఏళ్ళ పొదుపంతా ఆ ఇంటికి బయానా కింద ఇచ్చేసింది. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు, శుక్రవారంలోగా బ్యాంకు డబ్బు అందకపోతే అమ్మేవాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, బయానా కూడా తిరిగి రాదు.

అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అన్నయ్యకీ, వదినకీ, చివరికి మాస్టారికి కూడా చెప్పలేదు. అన్నయ్య ఇంట్లో ముందుగదిలో, కర్టెను వెనక, మడతమంచం మీద పడుకుంటుంది ఆమె. "నీ ఇల్లే అనుకో," అన్నాడు అన్నయ్య, వచ్చిన మొదటి రోజున. మంచి మనసుతోనే అన్నాడు. ఆ రోజు నుంచీ ఆమె అనుకుంటూనే ఉంది. అనుకోవటం చిన్న పనేమీ కాదు. పొద్దున్నే లేచి మొదలుపెట్టాలి. స్నానాల గది ఖాళీ అయ్యేదాకా అనుకోవాలి, టీవీ ఆపేదాకా అనుకోవాలి. ఏ రోజైనా ఒంట్లో బాగోలేకపోతే, ముందు అలిసిపోయేది ఆ అనుకునే శక్తే.

మంజూరైన నాటి నుంచి ఊరు కొంచెం మెత్తబడినట్టనిపించింది ఆమెకి. బస్సులు చప్పుడు తగ్గించుకుని వెళ్తున్నట్టుండేవి. నడుస్తుంటే అడుగులు ఎవరో తన తరఫున వేస్తున్నట్టుండేది. బ్యాంకు ఫైల్లో ఒక మనిషి ఉంది. ఆవిడకి ఇంత జీతం, ఇన్నేళ్ళ సర్వీసు, అప్పుల్లేవు, చిరునామా ఫలానా. బ్యాంకు నమ్మింది ఆవిడని, తనని కాదు. ఆవిడని పదకొండు రోజులపాటు క్షేమంగా మోసుకెళ్ళి రిజిస్ట్రారు ఎదుట దింపితే చాలు, ఇల్లు వస్తుంది. ఆమె అద్దంలో చూసుకునేటప్పుడు కూడా ఆవిడ కోసమే వెతికేది. పెరిగిన జుట్టు కత్తిరించుకోలేదు. చెప్పు తెగితే కొత్తవి కొనకుండా అదే కుట్టించుకుంది. కొత్త చెప్పులకీ ఇంటి అప్పుకీ సంబంధం లేదని ఆమెకీ తెలుసు. కానీ భయం లెక్కలు చూసుకుని రాదు కదా.

నాలుగో రోజున వదిన కర్టెను పక్కకి లాగి మంచం అంచున కూర్చుంది.

"ఇదిగో, మన పాత ఫ్రిజ్జు ఇక లాభం లేదు. రాత్రంతా మూలుగుతోంది, మీ అన్నయ్యకి తోడు. జీతం చీటీ ఉన్నవాళ్ళకి వడ్డీ లేకుండా వాయిదాల మీద ఇస్తున్నారట. నీ పేరున తీసుకుందాం, నెలనెలా నేను కట్టేస్తాను."

"వచ్చే నెల చూద్దాం వదినా."

"వచ్చే నెలకి పాలు ఆగుతాయా?"

"కొద్దికొద్దిగా కొనుక్కుందాం."

వదిన ఆమె మొహంలోకి వంగి చూసింది. "ఏమిటో, ఈ మధ్య అమ్మగారికి కాళ్ళు నేలమీద ఆనటం లేదు. అడిగితే ఓ మాట, అడక్కపోతే అదీ లేదు. ఎవరినైనా చూసుకున్నావా ఏంటి? చెప్తే మేమేం కాదంటాం? ఈ వయసులో దొరికినవాడు దొరికినట్టే మహారాజు."

"చూశాను వదినా," అంది ఆమె, ఎందుకందో తెలియకుండానే. "మూడో అంతస్తులో ఉంటాడు. పచ్చగా ఉంటాడు."

"కామెర్లేమో, ముందు డాక్టరుకి చూపించు," అని వదిన నవ్వుకుంటూ లేచి వెళ్ళిపోయింది. నోరు జారిందని ఆమెకి భయమేసింది. అంతకంటే ఎక్కువగా, నోరు జారితే ఇంత హాయిగా ఉంటుందా అని ఆశ్చర్యమేసింది.

ఆరో రోజు మధ్యాహ్నం, బల్ల మీద చెయ్యి మడిచి తల ఆనించుకుంటే చిన్న కునుకు పట్టింది. కలలో మూడో అంతస్తు గది తలుపు తీసింది. నేలంతా తెల్లగా, ఇప్పుడే పోసిన ప్లాస్టర్‌లా ఉంది. అవతలి గోడ దగ్గర ఒకావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో జీతం చీటీలున్నాయి. ఆవిడ తల ఎత్తకుండానే, "లోపలికి రాకు, ఇంకా గట్టిపడలేదు," అంది. "ఎప్పుడు గట్టిపడుతుంది?" అని ఈమె అడిగింది. "నువ్వు అడగటం మానేశాక," అంది ఆవిడ. మెలకువ వచ్చేసరికి పక్కనున్న అచ్చు గట్టిపడుతూ వెచ్చబడి ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు కాసేపు ఒంటి వేడి అంత వేడెక్కుతుంది. కదిపితే లోపల కనపడని పగులు వస్తుంది. ఆ పగులు అప్పుడు తెలియదు. ఎవరి నోట్లోనో, ఏదో ముద్ద నములుతుంటే తెలుస్తుంది.

ఎనిమిదో రోజు, బుధవారం, పదకొండు గంటలకి ఫోను మోగింది. గొంతు మొదట పోల్చుకోలేకపోయింది. ఆఫీసరుకి జలుబు తగ్గిపోయింది.

"మేడమ్, ఉద్యోగం ఎందుకు మానేశారు? అంత చెప్పాను కదా!"

"నేనా? లేదండీ. పనిలోనే ఉన్నాను. చేతిలో పన్ను ఉంది."

"పొద్దున మీ ల్యాబుకి ఫోన్ చేశాం. ఒకటో తారీఖు నుంచి మీరు ఉద్యోగంలో లేరని మీ యజమానే చెప్పారు. జీతాల పట్టీలో కూడా మీ పేరు లేదట. ఫైలు ఆపేశాను మేడమ్. ఆపక తప్పదు."

ఆమె చేతిలోని పన్ను మైనంలో పెట్టి, మైనం కరిగించే దీపం ఆర్పి, పక్కగదిలోకి వెళ్ళింది. చెవుల్లో నీళ్ళు నిండినట్టుంది. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని ఒక పళ్ళసెట్టుని వెలుతురుకి పట్టి చూస్తున్నారు.

"మాస్టారూ, నన్ను తీసేశారా?"

"ఏమిటీ?"

"నేను ఉద్యోగంలో లేనని చెప్పారట."

ఆయన మొహం ఎర్రబడింది. దొరికిపోయిన దొంగలా నవ్వారు. "అప్పుడే తెలిసిపోయిందా? సోమవారానికి నువ్వు చేరి ఇరవై ఏళ్ళు. ఆ రోజు ఇద్దామని దాచాను." సొరుగు లాగి ఒక పెద్ద కవరు తీశారు. "సగం ల్యాబు నీ పేర రాశాను. భాగస్వామ్యపు కాగితాలు. నా సంతకాలు అయిపోయాయి, నీవే మిగిలాయి. భాగస్వామికి జీతమేమిటని లెక్కలాయన ఒకటో తారీఖునే పట్టీలోంచి నీ పేరు కొట్టేశాడు. పొద్దున ఎవడో బ్యాంకువాడు ఫోన్ చేసి, ఆవిడ మీ దగ్గర ఉద్యోగమేనా అన్నాడు. కార్డులు అమ్మేవాడనుకున్నా. ఉద్యోగమేమిటయ్యా, ఒకటో తారీఖు నుంచి ఆవిడ ఇక్కడ ఉద్యోగి కాదు, జీతాల పట్టీలో పేరు కూడా లేదు పొమ్మని ఫోను పెట్టేశా. కాస్త గొప్పగానే చెప్పాను. తప్పా?"

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళుగా ఈయన కూడా "నీ ల్యాబే అనుకో" అంటూ వచ్చినవారే. ఇప్పుడు ఆ చివరి మాట తీసేసి, కాగితం మీద పెట్టి ఇస్తున్నారు. ఎవరూ ఎప్పుడూ ఇవ్వనిది. అది వచ్చి తలుపు తట్టిన రోజు ఇదీ!

"నేను ఇల్లు కొంటున్నాను మాస్టారూ," అని మొదలుపెట్టి, అంతా చెప్పింది. శుక్రవారం సంగతీ, బయానా సంగతీ. చెబుతుంటే గొంతు ఎక్కడో కింద అంతస్తు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

"ఒక్కమాట ముందు చెప్పి ఉంటే?" అన్నారు ఆయన.

"చెబితే చెడిపోతుందేమోనని."

"చెప్పక బాగుపడ్డావు పాపం!" అన్నారు, పళ్ళసెట్టు బల్ల మీద పెట్టి. తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకున్నారు. "పద, వాడికి నేనే చెప్తాను."

బ్యాంకులో ఆఫీసరు ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపికగా విన్నాడు. కాగితాలు తిరగేశాడు. "మీరు సంతకం పెట్టలేదు కాబట్టి ఇది ఇంకా అమల్లోకి రాలేదు. అది మంచిదే. కానీ మేడమ్, భాగస్వామి అయితే మీ ఆదాయం జీతం కాదు, లాభం. లాభానికి మేం రెండేళ్ళ లెక్కలు చూడాలి. మీ దగ్గర రెండు రోజులున్నాయి." ఒక తెల్లకాగితం ఆమె ముందుకి జరిపాడు. "అందుకని రెండు కావాలి. మీరు జీతం మీదే ఉన్నారని సార్ ఉత్తరం రాసివ్వాలి, పట్టీలో పేరు మళ్ళీ చేర్చాలి. అలాగే కనీసం ఏడాదిపాటు ఉద్యోగం మారే ఉద్దేశం లేదని మీరు రాసి సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగు లోపు ఇస్తే ఫైలు కదులుతుంది."

ఆమె లేచి బయటికొచ్చింది. వెనకే మాస్టారూ వచ్చారు. వరండాలో జనం వరసగా కుర్చీల్లో కూర్చుని గోడ మీది అంకెలు చూస్తున్నారు. వాళ్ళంతా నీళ్ళ అడుగున కూర్చున్నట్టున్నారు.

"ఇందులో ఆలోచించేదేముందే?" అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "సంతకం పెట్టెయ్. రిజిస్ట్రేషన్ అయ్యాక మన ఇష్టం. సోమవారం భాగస్వామివి. వాడేమైనా వచ్చి మన ల్యాబులో పళ్ళు లెక్కపెడతాడా?"

ఆమె ఈ ఎనిమిది రోజులూ తను మోసుకొచ్చిన ఆవిడని తలుచుకుంది. ఇరవై ఏళ్ళుగా ఒకే చోట కూర్చుని పనిచేసిన మనిషి. ఏ అబద్ధమూ లేని కాగితం. చూడటానికి పేలవంగానే ఉంటుంది, కానీ ఇల్లు సంపాదించింది ఆవిడే. ఆవిడ చేత ఇప్పుడొక దొంగసంతకం పెట్టిస్తే, ఆ గదిలోకి అడుగుపెట్టేది ఎవరు? మళ్ళీ "నా ఇల్లే" అని అనుకుంటూ బతకాల్సిన మనిషే. ఇంకో మాట కూడా తట్టింది ఆమెకి. ఇన్ని రోజులూ కదలకుండా ఉన్నది భయం వల్ల. భయంతో ఆగటం వేరు, ఆగుతానని చెప్పి ఆగటం వేరు. రెండోది ఇంతవరకూ తను ఎప్పుడూ చెయ్యలేదు.

"నాకు ఆ ఇల్లు కావాలి మాస్టారూ," అంది. అంత గట్టిగా అంటుందని అనుకోలేదు. పక్క కుర్చీలోని ముసలావిడ తల తిప్పి చూసింది. "ల్యాబు కూడా కావాలి. కానీ సంతకం పెడితే ఏడాది ఆగుతాను. నిజంగానే ఆగుతాను. మీరూ ఆగండి."

"ఆగటానికి నాకు వయసేదీ?" ఆయన రెండు చేతులూ ముందుకి చాచారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఇవి చూశావా? ఎందుకు తొందరపడ్డాననుకున్నావు?"

"చూశాను. మూడేళ్ళుగా చూస్తున్నాను."

"మూడేళ్ళా?"

"మీరు సాయంత్రం వెళ్ళాక మీ సెట్లన్నీ నేనే మళ్ళీ మెరుగు పెడుతున్నాను కదా."

"అదన్నమాట! ఈ మధ్య డాక్టర్లు తెగ మెచ్చుకుంటుంటే, వయసుతో పాటు పనితనం పెరుగుతోందనుకుని మురిసిపోతున్నా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనకి మొదట కోపం వచ్చినట్టే అనిపించింది. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఇద్దరూ బ్యాంకు వరండాలో గోడకి ఆనుకుని, చప్పుడు రాకుండా, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వు అయిపోయాక ఆయన మొహంలో అలసట మాత్రం మిగిలింది.

"అంటే నన్ను ఇంకో ఏడాది బతకమంటావు," అన్నారు.

"బతకాలి. మీరు లేకపోతే నాకు జీతం ఎవరిస్తారు? జీతం లేకపోతే వాయిదా ఎవరు కడతారు?"

"చూశావా, నా ఆయుష్షు కూడా నీ అప్పుకే హామీ!" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కాగితం ఇప్పించు. ఉత్తరం నేనే రాస్తాను. టైపు కొట్టించను."

ఆఫీసరు బల్ల ముందు కూర్చుని ఆయన రాశారు. ఈమె నా దగ్గర ఇరవై ఏళ్ళుగా జీతానికి పనిచేస్తున్నారు, ఇకముందూ చేస్తారు. ముందు చెప్పింది నా తొందరపాటు. అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతున్నాయి. ఆఖరి వాక్యం దగ్గర కలం ఆగింది. ఒకరికి గౌరవం ఇచ్చి, అదే చేత్తో వెనక్కి తీసుకోవటం ఆయనకి ఎంత కష్టంగా ఉందో ఆమెకి కనిపిస్తూనే ఉంది. ఆయన్ని చూడకుండా తన కాగితం రాసుకుంది. ఏడాదిపాటు ఉద్యోగం మారే ఉద్దేశం లేదు. సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి ఆగలేదు.

"నాలుగు కావటానికి ఇంకా చాలా టైముంది," అన్నాడు ఆఫీసరు, రెండు కాగితాలూ ఫైల్లో పెడుతూ. "ఇంత తొందరగా తేల్చుకునేవాళ్ళు అరుదు."

"ఇరవై ఏళ్ళు పట్టింది నాయనా," అన్నారు మాస్టారు.

ఆ మధ్యాహ్నమే లెక్కలాయన్ని పిలిపించి, కొట్టేసిన పేరు మళ్ళీ రాయించారు. కొట్టెయ్యమన్నదీ మీరే, రాయమన్నదీ మీరే అని ఆయన సణిగాడు. మర్నాడు ల్యాబుకి రాగానే ఆమెకి ఫోను వచ్చింది. ఫైలు కదిలింది. శుక్రవారం అమ్మేవాళ్ళ ఖాతాకి డబ్బు చేరింది. శనివారం పన్నెండున్నరకి రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"చేసే పని?"

"పళ్ళు చేస్తాను."

గుమస్తా తలెత్తాడు. "పళ్ళ వ్యాపారమా?"

"కాదండీ. పళ్ళు లేనివాళ్ళకి పళ్ళు."

"జీతమా, సొంతమా?"

"జీతం," అంది ఆమె. ఆ మాట ఇంత నిండుగా ఉంటుందని ఎప్పుడూ తోచలేదు.

తాళంచెవి చేతికొచ్చింది. చిన్నది, కొత్తగా చేయించినట్టు అంచులు గరుగ్గా ఉన్నాయి. దాన్ని పిడికిట్లో పెట్టుకుని వీధిలోకి వచ్చింది. బస్సుల చప్పుడు మామూలుగానే వినిపించింది. నేరుగా మూడో అంతస్తుకి వెళ్ళాలని కాళ్ళు లాగాయి. కానీ ఒక డాక్టరుకి నాలుగింటికల్లా సెట్టు అందాలి. ఇల్లు ఎక్కడికీ పోదు. ఈ ఆలోచన రాగానే వీధి మధ్యలో ఒక్క క్షణం ఆగిపోయింది. ఎక్కడికీ పోని వస్తువు ఇంతవరకూ ఆమెకి లేదు.

ల్యాబు చేరేసరికి రెండు కావస్తోంది. మాస్టారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉన్నారు. అద్దాలు మరీ మందంగా ఉన్నాయి. కళ్ళు వాటి వెనక పెద్దవై, ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తున్నాయి.

"పొద్దున్నుంచీ జాడ లేదు. సెలవు చీటీ ఏదీ?" అన్నారు.

"రాయలేదండీ."

"అరపూట జీతం కోస్తాను."

"కొయ్యండి. మరీ ఎక్కువ కొయ్యకండి, వాయిదా కట్టాలి."

ఆయన 'ఊఁ' అని, చేతిలో ఉన్న పళ్ళసెట్టుని ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశారు. దాన్ని ఆమె ముందు పెట్టి, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

"ఎడమ పక్క కాస్త ఎత్తుగా లేదూ?" అని అడిగారు.

ఆమె తాళంచెవిని బల్ల మీద పెట్టి, సెట్టుని వెలుతురులోకి ఎత్తింది.

"ఎత్తుగానే ఉంది మాస్టారూ," అంది.